పెనాంగ్‌లో 29 రోజుల కాపురం

(బరంపురంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. సభలోంచి వచ్చిన మాటలు అక్కడక్కడ అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. కార్యదర్శిగారు పిలుపు కాగితంలో "విదేశీ యాత్రా విశేషాలు" అని వేయించేశారు. యాత్రా లేదు, విశేషాలూ లేవు. మేమిద్దరం మలేసియాలో పెనాంగ్ అనే చోట 29 రోజులు కాపురం పెట్టి వచ్చాం, అంతే. పాలు కొన్నాం, కూరలు కొన్నాం, బట్టలు ఆరేసుకున్నాం, బస్సు కోసం నిలబడ్డాం. ఇది వినడానికి ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చారు, ఇక మీ ఖర్మ. (నవ్వులు)

నేను ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌ని. ముప్ఫై ఆరేళ్లు రాత్రిపూట రైలు పెట్టెలో నిలబడి ఉత్తరాలు గూళ్లలో పడేశాను. ఊళ్ల పేర్లు నాకు తెలిసినన్ని ఈ హాల్లో ఎవరికీ తెలియవు. చూసిన ఊళ్లంటారా, ఖుర్దారోడ్డు, వాల్తేరు, మళ్లీ ఖుర్దారోడ్డు. ఎనభైల్లో మలేసియా నుంచి ఉత్తరాలు వచ్చేవి, శ్రీకాకుళం వైపు పల్లెలకీ మన గంజాం పల్లెలకీ. పువ్వుల బొమ్మల స్టాంపులు. కొన్నిటి మీద "పులావ్ పినాంగ్" అని అచ్చు ఉండేది. పులావు అన్నంలో ఉంటుంది గానీ స్టాంపు మీద ఏం పని అని మేం నవ్వుకునేవాళ్లం. పులావ్ అంటే వాళ్ల భాషలో దీవి. పినాంగ్ అంటే పోకచెక్క. మొత్తం కలిపి వక్కల దీవి. ఈ సంగతి నాకు రిటైరయిన తరవాత తెలిసింది. తెలిసిన రోజు కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఎందుకంటారా? మనం కార్తీక పున్నమికి ఏం చేస్తాం? తెల్లారకుండా చెరువుకి వెళ్లి అరటి దొప్ప పడవలో దీపం, ఆకు, వక్క పెట్టి వదుల్తాం. మన ఒడియా ఇరుగుపొరుగుతో పాటు మన తెలుగువాళ్లూ చేస్తారు. ఒకప్పుడు ఈ తీరం నుంచి జావా, బాలి వైపు ఓడలు వెళ్లిన జ్ఞాపకం అది. చిన్నప్పటినుంచి వక్క పెట్టి పడవ వదుల్తున్నాను, అది ఎటు పోతుందో ఎప్పుడూ అడగలేదు. పోయేది వక్కల దీవికేనేమో! చరిత్ర తెలిసినవాళ్లు నా చెవి మెలిపెట్టకండి, సరదాకి అంటున్నాను.

2016లో రిటైరయ్యాక మేమూ అందరిలాగే ప్యాకేజీ యాత్రలు రెండు చేశాం. బస్సు దిగు, చెప్పులు విప్పు, దండం పెట్టు, చెప్పులు వెతుక్కో, బస్సెక్కు. రెండో యాత్ర నుంచి వచ్చాక మా ఆవిడకి మోకాళ్లు వాచిపోయాయి. "ఈసారి ఎక్కడికైనా వెళ్తే ఒక్కచోటే ఉండాలి, పెట్టె ఒక్కసారే సర్దాలి" అంది. ఆ ఒక్క ముక్కే మా ప్రణాళిక. చలి ఉండకూడదని ఇంకోటి చేర్చుకున్నాం, మోకాళ్ల కోసం. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లకి 30 రోజులు వీసా అక్కర్లేదంది. వెళ్లేముందు ఆన్‌లైన్లో ఒక ఫారం నింపితే చాలు. నవంబరులో మనం బతికే ఉన్నామని బ్యాంకుకి సర్టిఫికెట్టు ఇచ్చేశాం, ఇక ఏడాది దాకా ఎవరికీ మనతో పనిలేదు కదా. (నవ్వులు) 2025 జనవరి 17న దిగాం, ఫిబ్రవరి 14న తిరిగొచ్చాం. ఇక్కణ్ణించి కోరమాండల్ రైల్లో చెన్నై, చెన్నై నుంచి విమానం.

ఆ ఊరి అసలు పేరు జార్జ్‌టౌన్. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషువాడు ఈస్టిండియా కంపెనీ తరఫున దీవి మీద దిగి వేసిన ఊరు. పాత పేటని 2008లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వం అన్నారు. ఇదంతా మీకు ఫోన్లోనే దొరుకుతుంది. మేమున్న పేట పేరు మాత్రం ఫోను చెప్పినా నేను నమ్మలేదు: పులావ్ తికుస్. తికుస్ అంటే ఎలక. వక్కల దీవిలో ఎలకల దీవి! పధ్నాలుగో అంతస్తులో ఒక గది, ఒక హాలు, ఒక వంటగది. కిటికీలోంచి ఒక వైపు సముద్రం, ఇంకో వైపు కొండ. ఎలకలు మాత్రం కనపడలేదు.

మొదటి రోజు పొద్దున్నే ఒక తమాషా. నాకు ఇక్కడ నాలుగున్నరకి మెలకువ వచ్చేస్తుంది, రైలు ఉద్యోగం అలవాటు. పాలవాడి కోసం, పేపరు కోసం రెండు గంటలు ఎదురు చూడ్డమే నా ఉదయం. అక్కడా మెలకువ వచ్చింది. గడియారం చూస్తే ఏడు! హమ్మయ్య, ఆలస్యంగా లేచానే అని కిటికీ తీస్తే బయట కటిక చీకటి. గడియారం చెడిందనుకున్నాను. విషయం ఏమిటంటే వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. సముద్రం అవతల బోర్నియోలో ఉన్న వాళ్ల రాష్ట్రాలతో సమానంగా ఉండాలని 1982 జనవరి 1న పెనాంగ్ వైపు గడియారాన్ని మరో అరగంట ముందుకి తిప్పేశారట. దాంతో జనవరి నెలాఖరున సూర్యుడు ఏడున్నరకి గానీ రాడు. సాయంత్రం మళ్లీ ఏడున్నర దాకా వెలుగే. నా ఒంటికి అదే నాలుగున్నర, లోకానికి ఏడు. పదేళ్లుగా నాకు తోడులేని ఆ రెండు గంటలూ మాయమైపోయాయి. నేను లేచే వేళకి ఊరూ లేస్తోంది. చిన్న విషయమే. కానీ రిటైరయినవాళ్లకి తెల్లవారుజాము ఎంత పొడుగో మీకు నేను చెప్పక్కర్లేదు.

లేచి కాఫీకి వెళ్లేవాళ్లం. ఇద్దరం. ఈ మాట ఇక్కడ ఆగి చెప్పాలి. మనకి కాఫీకి బయటికి వెళ్లడం అంటే మగవాడు ఒక్కడే వెళ్లడం. ఆడమనిషి ఇంట్లోనే పెట్టుకుంటుంది, తనకీ మనకీ. అక్కడ పొద్దున్నే కాఫీ కొట్లలో చూస్తే సగం మంది ముసలి ఆడవాళ్లే. నిక్కర్లు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని పేపరు చదువుతున్నారు. మా ఆవిడ మొదటి రోజు కొంగు సర్దుకుంటూ కుర్చీ అంచు మీద కూర్చుంది. నాలుగో రోజుకి నాకంటే ముందు కుర్చీ లాక్కుంది.

ఆ కొట్టు పద్ధతి కూడా వేరు. ఎక్కడ కూర్చుంటే ఆ బల్ల మనది. కాఫీ, టీలు కొట్టు యజమానివి. తిండి బళ్లు అదే కప్పు కింద వేరేవాళ్లవి, అద్దెకి పెట్టుకుంటారు. ఒక్కొక్క బండివాడు ఒక్కటే వండుతాడు, ఏళ్ల తరబడి అదే. వెళ్లి చెప్పి వస్తే బల్ల దగ్గరికి తెస్తారు, తెచ్చినప్పుడే డబ్బులివ్వాలి. కాఫీ గింజల్ని పంచదార, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. మేజోడు లాంటి గుడ్డ సంచిలో వడగడతారు. కోపీ అంటే డబ్బా పాలతో, తియ్యగా. నాకేమో షుగరు. కోపీ ఓ అంటే పాలుండవు, పంచదార ఉంటుంది. కోపీ ఓ కోసోంగ్ అనాలి, కోసోంగ్ అంటే ఖాళీ, సున్నా. నేను మలయ్ భాషలో మొదట నేర్చుకున్నది, చివరిదాకా బాగా పలికింది ఆ ఒక్క మాటే. ఏడో రోజున నేను గుమ్మంలోకి రాగానే కొట్టు ముసలాయన లోపలికి "కోసోంగ్" అని కేకేశాడు. బరంపురంలో నన్ను నలభై ఏళ్లు ఆర్.ఎం.ఎస్. బాబు అన్నారు. అక్కడ నా పేరు సున్నా. (నవ్వులు) నిజం చెప్తున్నాను, ఆ పేరు నాకు చాలా హాయిగా అనిపించింది. అక్కడ ఎవరూ నన్ను "అబ్బాయి ఎక్కడున్నాడు, ఎంత తెచ్చుకుంటున్నాడు, కోడలు వస్తోందా" అని అడగలేదు.

భాష అన్నాను కదా. మొదటి వారం మా ఆవిడకి ఒక పిచ్చి పట్టుకుంది, బోర్డులు చదవడం. వాళ్లు రాసేది ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి చదవడం కష్టం కాదు. కరెంటు పెట్టె మీద పుర్రె బొమ్మ, కింద "బహయ". భయం! ప్రమాదం అని అర్థం. ధరకి హర్గ, అర్ఘ్యంలో ఉన్న అర్ఘ. ముఖానికి ముక. తలకి కెపాల, కపాలమే. ఉపవాసానికి పువాస. పెళ్ళానికి ఇస్తెరి, మొగుడికి సువామి. "చూశారా, ఇక్కడ కూడా మీరు స్వామే, నేను ఉత్త స్త్రీనే" అంది. అన్నిటికంటే గొప్పది ఇంకోటి ఉంది. వాళ్ల భాషలో దోస అంటే పాపం! మన దోషమే అది. తినే దోసెని తోసై అంటారు. మా ఆవిడ మూడు దోసెలు తిని "మూడు పాపాలు చేశాను" అంది. ఆవిడ ముందు వరసలోనే ఉంది, కాదంటే చెప్పమనండి.

(ముందు వరస నుంచి: "రెండే!")

సరే, రెండు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వెళ్లేటప్పుడు మేం కుక్కరు పట్టుకెళ్లాం. మూడు లీటర్ల కుక్కరు, చింతపండు, కందిపప్పు, మన బరంపురం అప్పడాలు, ఆవకాయ సీసా నాలుగు కవర్లలో చుట్టి. వంటగది ఉన్న ఇల్లే కావాలని నేనే పట్టుబట్టాను. బయటి తిండి ఎన్నాళ్లు తింటాం, ఆరోగ్యం, డబ్బు అని. మొదటి పన్నెండు రోజుల్లో కుక్కరు నాలుగుసార్లు కూత పెట్టింది. బయట తిండి అంత చవక, అంత దగ్గర. శాకాహారం దొరకదని భయపడ్డాం. దొరికింది. చైనావాళ్లలో చాలామంది వాళ్ల చాంద్రమాసం ఒకటో తేదీ, పదిహేనో తేదీ మాంసం ముట్టరు. అలాంటి బళ్లు ప్రత్యేకంగా ఉన్నాయి. మా లిఫ్టులో కనపడే ఒక చైనా ముసలావిడకీ మా ఆవిడకీ దీని మీదే స్నేహం కుదిరింది. ఆవిడది హొక్కియన్ అనే చైనా భాష, ఈవిడది తెలుగు. ఈవిడ వేళ్ల మీద వారం లెక్కపెట్టి శనివారం దగ్గర ఆగి తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఆకాశంలో చంద్రుణ్ణి చూపించి అలాగే తల ఊపింది. తరవాత ఆవిడే మాకు మంచి బండి చూపించింది.

జనవరి 29న వాళ్ల చైనా ఉగాది. మేం వెళ్లిన పదమూడో రోజు. పొద్దున లేచి కిందికి దిగితే కొట్లన్నీ మూత. మా కోసోంగ్ ముసలాయన తలుపుకి ఎర్ర కాగితం అతికించి వెళ్లిపోయాడు. పైకి వచ్చి నేను మామూలుగా, చాలా మామూలుగా అన్నాను, "ఇవాళ పప్పుచారు పెట్టేద్దూ." అంతే. ఆవిడ ఏమీ అనలేదు. కిటికీ దగ్గర కూర్చుంది. కాసేపయ్యాక అడిగింది, "ఇప్పుడు మిమ్మల్ని ఆఫీసువాళ్లు పిలిచి ఒక్క రాత్రికి సార్టింగుకి రమ్మంటే వెళ్తారా?" నేనెందుకు వెళ్తాను, రిటైరయ్యాను కదా అన్నాను. "మరి నేను?" అంది.

ముప్ఫై తొమ్మిదేళ్ల కాపురంలో ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదని ఆ రోజు తెలిసింది. పోట్లాట అయింది, దాచను. నువ్వెప్పుడూ చెప్పలేదు కదా అన్నాను. రిటైర్మెంటు ఆర్డరు ఎవరిస్తారని చెప్పను అంది. నేను 2016 జూన్‌లో రిటైరయ్యాను, పూలదండ వేశారు, చేతి గడియారం ఇచ్చారు. ఆ మర్నాటి నుంచి ఆవిడకి పని పెరిగింది. పగలంతా ఇంట్లో కూర్చునే మనిషికి రెండు పూటలా టీలు, పదకొండింటికి ఇంకోటి. నేను దేశాలు తిరిగి చూసింది ఏమైనా ఉందంటే అదే.

ఆ రోజు నడిచి పాత పేటలో లిటిల్ ఇండియాకి వెళ్లాం. అక్కడ కొట్లు తెరిచే ఉన్నాయి. అరిటాకులో అన్నం తిన్నాం. ఎవరిది వాళ్లు మాట్లాడకుండా తిన్నాం లెండి. తిరిగొచ్చాక కుక్కరు పెట్టెలో పెట్టేశాను. ఆ తరవాత అది బయటికి రాలేదు. అందుకే అంటున్నాను, నేను రిటైరయింది బరంపురంలో, మా ఆవిడ రిటైరయింది పెనాంగ్‌లో. పూలదండ మాత్రం వెయ్యలేదు. (చప్పట్లు)

రిటైరయిన మనిషి ఏం చేస్తుంది? మార్కెట్టుకి వెళ్తుంది! కొనడానికి కాదు, ఊరికే. అక్కడ చౌరస్తా మార్కెట్టు అని ఉంది. నేను అనువాదం చెయ్యలేదు, దాని పేరే చౌరస్తా, 1890 నాటి నుంచీ. లోపల చేపలు, మాంసం, కూరలు. ముందు భాగమంతా ఊరగాయ కొట్లు. మామిడి, ఉసిరి, ఇంకా నాకు పేరు తెలియని కాయలు. మా ఆవిడ ఎదురుగా నిలబడిపోయింది ఒక సీసా చూసి. జాజికాయ ఊరగాయ. మనం జాజికాయ అంటే పసిపిల్లలకి సాన మీద అరగదీసి నాకించే గట్టి గింజే ఎరుగుదుం. దాని చుట్టూ జాపత్రి ఉంటుంది, దాని పైన నేరేడంత కాదు, చిన్న జామకాయంత పండు ఉంటుంది. ఆ పండు కండ ముక్కలు కోసి పంచదారలో, ఉప్పులో ఊరబెడతారు, రసం తీసి ఐసు వేసి తాగుతారు. పెనాంగ్‌లో ఇంగ్లీషువాళ్లు వేసిన జాజి తోటల మిగులు అది. పచ్చళ్ల ఊరి నుంచి వెళ్లిన మనిషి కదా, అమ్మే ఆవిణ్ణి సైగలతోనే నిలదీసింది. ఎన్నాళ్లు ఎండబెట్టాలి, ఉప్పు ముందా పంచదార ముందా. పావుగంట. నేను పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నేను సంచి, ఆవిడ బేరం.

పొద్దున్నే ఇంకో అలవాటు చేసుకున్నాం, బొటానికల్ గార్డెన్. 1884లో పెట్టిన తోట. కొండ కింద, జలపాతం పక్కన. లోపలికి టిక్కెట్టు లేదు. పదో నంబరు బస్సు అక్కడే ఆగుతుంది. నాగమల్లి చెట్లు బెత్తెడు సందు లేకుండా పూసి ఉన్నాయి. మనం శివుడికి ఒక్క పువ్వు కోసం తెల్లారగట్ల పక్కింటి గోడ ఎక్కుతాం, అక్కడ కింద రాలిపోతున్నాయి. మా ఆవిడకి తట్టుకోవడం కష్టమైంది. రాలినవి రెండు ఏరి కొంగున కట్టుకుంది. చైనా ముసలివాళ్లు గుంపుగా చేతులు గాలిలో ఈదిస్తున్నట్టు కదుపుతారు. కొందరు వెనక్కి నడుస్తారు, మోకాళ్లకి మంచిదట. నేనూ ప్రయత్నించాను. కోతి ఒకటి నన్ను చూసి భయపడి చెట్టెక్కింది, మిగతావి అరటిపళ్లు లాక్కుని ఎక్కాయి.

మా బిల్డింగులోనే ఆస్ట్రేలియా దంపతులు ఒకరుండేవారు, మా వయసువాళ్లే. ఆరేళ్లుగా వస్తున్నారట. వాళ్లు ఎండ కోసం వస్తారు. పన్నెండింటికి ఈత కొలను పక్కన బోర్లా పడుకునేవారు, మనం అప్పడాలు ఆరబెట్టినట్టు. మేం అదే కొలను పక్కన చెట్టు నీడ వెతుక్కుని కూర్చునేవాళ్లం. ఒకే ఊరి వేడి వాళ్లకి ఒక సుఖం, మాకు ఒక సుఖం. వేడి అంటే మన మే నెలలాంటిది కాదు. రాత్రి 24, పగలు 32, ఏడాది పొడుగునా అంతే. మా ఆవిడ మోకాళ్ల నొప్పి మందు సగం డబ్బా తిరిగొచ్చింది. అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోవడానికి ఒక పథకం ఉంది, 2002 నుంచి. లక్షల మీద లక్షలు డిపాజిట్టు కట్టాలి. మన పెన్షనుకి అది అందని ద్రాక్ష, పులుపో తీపో మనకెందుకు.

అంతా బాగుందని చెప్తే మీరు నమ్మరు. నమ్మకూడదు కూడా. పాత పేటలో ఇళ్ల ముందు వరండాలు ఉంటాయి, వరసగా, ఎండా వానా తగలకుండా నడవడానికి. కాకి లిమా అంటారు. కాకి అంటే అడుగు, లిమా అంటే అయిదు. అయిదడుగుల వరండా. పేరు బాగుంది, కానీ ఒక్కొక్క ఇంటివాడు తన వరండా తనకిష్టమైనంత ఎత్తులో కట్టాడు. ఒక చోట మెట్టు పైకి, ఇంకో చోట కిందికి, మధ్యలో ఎవడో మోటారు సైకిలు పెట్టాడు. ఇరవయ్యో రోజున బోర్డు చదువుతూ నడిచి చీలమండ మెలితిప్పుకున్నాను. దగ్గర్లో చిన్న క్లినిక్కు, డాక్టరమ్మ "అంకుల్, కిందికి చూసి నడవండి" అని కట్టు కట్టింది. మూడు రోజులు మంచం. ఇక్కణ్ణించి బయలుదేరేముందు ప్రయాణ బీమా కట్టాం కదా అని ధైర్యం. తిరిగొచ్చి బిల్లు పంపితే ఆ కంపెనీ, పేరెందుకు లెండి, ఫలానా కాగితం అసలు ప్రతి లేదని తిప్పి పంపింది. కాగితాలు సార్ట్ చేసి బతికినవాడికి కాగితం లేదన్నారు! కాబట్టి ప్రతి చిన్న చీటీ దాచుకోండి. ఇది ఒక్కటి రాసుకోండి, మిగతావి మర్చిపోయినా ఫర్వాలేదు.

ఆ మూడు రోజులూ నేను కిటికీ దగ్గర, మా ఆవిడ ఊళ్లో. ఒక్కర్తే బస్సెక్కి రేవుకి వెళ్లింది, ఫెర్రీ ఎక్కి సముద్రం దాటి అవతల బటర్‌వర్త్‌లో దిగి, ఏమీ చెయ్యకుండా అదే ఫెర్రీలో తిరిగొచ్చింది. ఎందుకెళ్లావంటే "గాలికి" అంది.

ఇంకో సంగతి చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి, టీ వస్తోంది.

అక్కడ ఒక పెద్ద మసీదు ఉంది, కపితాన్ కెలింగ్ మసీదు. 1801 నాటిది. కెలింగ్ అంటే ఎవరో తెలుసా? మనమే. కళింగం! సముద్రం అవతలివాళ్లకి ఒకప్పుడు ఇటునుంచి వచ్చిన ప్రతివాడూ కళింగుడే, తమిళుడైనా, తెలుగువాడైనా. ఆ మాట అరిగి అరిగి కెలింగ్ అయింది. నేను గర్వంగా బస్సులో పక్కాయనతో "నేను అసలు సిసలు కెలింగ్‌ని" అనబోయాను. నోరు తెరవకముందే ఆయన చెప్పాడు, ఆ మాట ఇక్కడ ఇప్పుడు తిట్టు అని. మసీదు పేరులో తప్ప ఎవరినీ అనకూడదట. మన దేశం పేరు ఒక చోట తిట్టుగా మారడానికి ఎంతమంది ఎన్ని అవమానాలు పడి ఉండాలో.

అలా చెప్పినాయన ఎవరనుకున్నారు? డెబ్బై అయిదేళ్ల తెలుగాయన. పక్కన కెడా రాష్ట్రంలో రబ్బరు తోటలో పుట్టాడు. తాత విజీనారం వైపు నుంచి వచ్చాడని మాత్రం తెలుసు, ఊరి పేరు తెలీదు. ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నాం. స్టాపు రాగానే ఆయన వెనక నిలబడ్డ మనవరాలితో "బేగి దిగు గుంటా, బేగి" అన్నాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. మా నాయనమ్మ మాట అది. ఇప్పుడు మన ఇళ్లల్లోనే పిల్లలు ఆ మాట అనరు, చదువుకున్నాక మానేశాం. వంద ఏళ్ల కిందట ఓడలో వెళ్లిన మాట అక్కడ బస్సులో క్షేమంగా ఉంది.

మా తాతా వెళ్లాడు. ఆయన వెళ్లింది రంగం, అంటే బర్మాలో రంగూన్. ఇక్కడి పెద్దలకి చెప్పక్కర్లేదు, గోపాలపురం రేవులో స్టీమరెక్కితే రంగం. ప్రతి ఇంట్లో ఒకరు వెళ్లారు. మిల్లుల్లో, రేవుల్లో మూటలు మోశారు. 1942లో జపానువాళ్లు వచ్చినప్పుడు అడవుల్లో నడిచి వచ్చినవాళ్లలో మా తాత ఒకడు, వచ్చాక ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదట. ఆయన అదే సముద్రం దాటింది మూట ఎత్తడానికి. నేను దాటింది ఫ్యాను కింద కూర్చుని చేదు కాఫీ తాగడానికి. ఒక సాయంత్రం రేవు గట్టు మీద కూర్చుని ఇదే ఆలోచిస్తుంటే మా ఆవిడ వేరుసెనక్కాయలు ఒలిచి పెడుతోంది. ఏమిటలా ఉన్నారు అంది. తాత గుర్తొచ్చాడన్నాను. "ఆయన భార్య గుర్తు రాలేదా?" అంది. నాలుగేళ్లు ఆవిడ ఇక్కడ మగ్గం మీద ఇద్దరు పిల్లల్ని సాకింది.

తైపూసం పండగ చూశాం, వచ్చేముందు. సుబ్రహ్మణ్యస్వామి వెండి రథం ముందు కొబ్బరికాయలు కుప్పలు పోసి పగలగొడతారు, చైనావాళ్లు కూడా. మన ఠాకురాణి జాత్ర చూసినవాళ్లకి జనం కొత్త కాదు. రోడ్డు నిండా నీళ్లలా కొబ్బరినీళ్లు పారడం మాత్రం కొత్త.

ఖర్చు అడుగుతారని తెలుసు, వెనక వరసలో అప్పుడే వేళ్లు లెక్కపెడుతున్నారు. వాళ్ల డబ్బు రింగిట్, అప్పట్లో ఒక్కోదానికి మనది 20 రూపాయలు వేసుకోండి. ఇద్దరికీ విమానం 48,000. ఇంటి అద్దె 2,300 రింగిట్లు, అంటే 46,000. తిండి రోజుకి 55 రింగిట్లు దాటలేదు. బస్సులు, కోరమాండల్, బీమా, చీలమండ, జాజికాయ సీసాలు అన్నీ కలిపి లక్షా అరవై అయిదు వేలు. తక్కువేం కాదు. ఒక మేనకోడలి పెళ్లిలో పెట్టుపోతలకి అంతే అయింది, అప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు.

(సభలోంచి ఒక మహిళ: "వదినగారూ, మరి ఇంటికొచ్చాక? రిటైర్మెంటు ఉందా, పోయిందా?")

ఆవిడే చెప్తుందట. మైకు ఇవ్వండి అటు.

(ముందు వరస నుంచి: "వచ్చిన మొదటి ఆదివారం నేను లేవలేదు. ఈయనే చౌకు దగ్గర బండి నుంచి పూరీ ఉప్మా పొట్లాలు తెచ్చారు. అవి తెరవకముందే తలుపు కొట్టారు. మా పక్కింటావిడ, పక్కన వాళ్లత్తగారు, చేతిలో హార్లిక్స్ సీసా. ఈయన పొట్లాలు మోసుకెళ్లడం చూశారట. నాకు ఒంట్లో ఎలా ఉందో కనుక్కుని పోదామని వచ్చారు.")